పవర్‌పాయింట్‌లో ఏ0 పోస్టర్: స్లైడ్ కొలత, బొమ్మల స్పష్టత, ముద్రణకు పంపవలసిన ఫైలు

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నీటి ఎద్దడి ఏర్పడినప్పుడు ఆకుల మీది పత్రరంధ్రాలు ఎలా స్పందిస్తాయన్నది నా విషయం. వచ్చే నెలలో ఒక సదస్సులో ఈ పనిని పోస్టర్‌గా ప్రదర్శించాలి. పోస్టర్ ఏ0 పరిమాణంలో, నిలువుగా ఉండాలని నిర్వాహకులు స్పష్టంగా తెలియజేశారు. పుటల కూర్పు కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు నాకు రావు, ఇప్పుడు కూర్చుని నేర్చుకునేంత వ్యవధీ లేదు. పవర్‌పాయింట్ మాత్రం బాగా అలవాటు.

పోయిన ఏడాది ఇలాగే ఏ1 పరిమాణంలో, అడ్డంగా ఒక పోస్టర్ చేశాను. ఎప్పుడూ వాడే మామూలు స్లైడు మీదే అంతా అమర్చి, ఆ ఫైలును అలాగే ముద్రణకు ఇచ్చి, పెద్దది చేయమని అడిగాను. చేతికి వచ్చిన పోస్టర్‌లో పైనా కిందా తెల్లటి పట్టీలు మిగిలిపోయాయి. సూక్ష్మదర్శినితో తీసిన ఫొటోలు మసకబారాయి. మైక్రోమీటర్లను సూచించే గ్రీకు అక్షరం ఉండవలసిన చోటల్లా ఖాళీ గడులు కనిపించాయి. ఆకుల పచ్చరంగు నా తెరమీద చూసిన దానికంటే బాగా వెలిసిపోయినట్టుగా వచ్చింది. రెండేళ్లు శ్రమించి సేకరించిన ఫలితాలను ఆ రూపంలో గోడకు తగిలించి, వచ్చినవారికి వివరించవలసి రావడం నన్ను చాలా బాధించింది. ఈసారి అలా జరగకూడదు. స్లైడ్ కొలతను ఎలా పెట్టుకోవాలి, ఫొటోలు ఎంత స్పష్టంగా ఉంటే సరిపోతుంది, ముద్రణకు ఏ రకం ఫైలు ఇవ్వాలి, అక్షరాల పరిమాణం ఎంత ఉండాలి అన్నవి అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞురాలిని.

సమాధానం: గణాంకశాస్త్ర అధ్యాపకుడు

మీకు ఎదురైన మొదటి మూడు ఇబ్బందుల్లో రెండు ఒకే పొరపాటు నుంచి పుట్టాయి కనుక ముందుగా దాని గురించి చెబుతాను. పవర్‌పాయింట్ తెరవగానే వచ్చే స్లైడు 33.87 సెంటీమీటర్ల వెడల్పు, 19.05 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అది తెరకు సరిపడే 16:9 నిష్పత్తి. ఏ వరుస కాగితాలలో మాత్రం పొడవు వెడల్పుకు సుమారు 1.414 రెట్లు ఉంటుంది. అడ్డంగా పెట్టిన ఏ1 కాగితం వెడల్పు 84.1 సెంటీమీటర్లు, ఎత్తు 59.4 సెంటీమీటర్లు. మీ స్లైడును ఆ వెడల్పుకు సాగదీస్తే దాని ఎత్తు 47.3 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 12 సెంటీమీటర్లే పైన ఆరు, కింద ఆరుగా మీకు కనిపించిన తెల్లటి పట్టీలు.

కాబట్టి ఒక్క అక్షరం కూడా రాయకముందే డిజైన్ ట్యాబ్‌లోని స్లైడ్ సైజ్‌లో కస్టమ్ స్లైడ్ సైజ్ ఎంచుకుని, వెడల్పు 84.1, ఎత్తు 118.9 సెంటీమీటర్లుగా పెట్టండి. పవర్‌పాయింట్ ఒప్పుకునే గరిష్ఠ కొలత 56 అంగుళాలు, అంటే 142.24 సెంటీమీటర్లు కనుక ఏ0 అందులో హాయిగా ఇముడుతుంది. సగం పని అయ్యాక కొలత మార్చారా, ఉన్నవాటిని మ్యాగ్జిమైజ్ చేయాలా, ఎన్‌ష్యూర్ ఫిట్ చేయాలా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఏది ఎంచుకున్నా అప్పటిదాకా సరిచేసుకున్న అమరిక చెదిరిపోయి, దాన్ని మళ్లీ దిద్దడానికే ఒక రోజు పడుతుంది.

సగం కొలతలో తయారుచేసి ముద్రణలో రెట్టింపు చేయించుకోమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. 142 సెంటీమీటర్లు దాటే పోస్టర్లకు వేరే దారి లేదు కనుక అక్కడ అది సరైనదే. ఉదాహరణకు 90 సెంటీమీటర్ల వెడల్పు, 160 సెంటీమీటర్ల ఎత్తు కావలసినవారు 45, 80గా పెట్టుకుని 200 శాతానికి ముద్రించమనవచ్చు. మీకు ఆ అవసరం లేదు. సగం కొలతలో ప్రతి అంకెనూ మనసులో రెట్టింపు చేసుకుంటూ పనిచేయాలి, ఎక్కడో ఒకచోట మరచిపోవడం ఖాయం.

ఇక ఫొటోల మసక. ఫొటో ఎన్ని మెగాబైట్లు ఉందన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఎన్ని పిక్సెళ్లు ఎన్ని అంగుళాల మీద పరచుకుంటున్నాయన్నదే చూడాలి. మీ సూక్ష్మదర్శిని కెమెరా 1200 పిక్సెళ్ల వెడల్పుతో ఫొటో ఇస్తుందనుకుందాం. దాన్ని పోస్టర్ మీద 40 సెంటీమీటర్ల వెడల్పుకు, అంటే 15.75 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 76 పిక్సెళ్లే దక్కుతాయి. రెండడుగుల దూరం నుంచి చూసినా ఆ మెత్తదనం తెలిసిపోతుంది. పెద్ద పోస్టర్‌లో అసలు కొలత మీద అంగుళానికి 150 పిక్సెళ్లు ఉంటే ఫొటో నిలబడుతుంది. పత్రరంధ్రాల అంచుల వంటి సూక్ష్మ వివరాలను దగ్గరగా వచ్చి చూస్తారు కనుక అటువంటి ఫొటోలకు 200 నుంచి 300 దాకా ఉంచడం మేలు. 150 చొప్పున లెక్కవేసినా ఆ 1200 పిక్సెళ్ల ఫొటోను మీరు 20 సెంటీమీటర్లకు మించి పెంచకూడదన్నమాట. అంతకంటే పెద్దగా కావాలంటే సూక్ష్మదర్శిని దగ్గరకే తిరిగి వెళ్లి, ఎక్కువ పిక్సెళ్లతో మళ్లీ తీయాలి. ఉన్న ఫొటోను సాఫ్ట్‌వేర్‌తో పెంచితే పిక్సెళ్ల సంఖ్య పెరుగుతుందే గాని కెమెరా చూడని వివరం ఎక్కడి నుంచీ రాదు.

పోయిన ఏడాది మీ ఫొటోలు మంచివే అయి ఉండవచ్చు కూడా. ఫైలు సేవ్ చేసేటప్పుడు బొమ్మలను కుదించే అలవాటు పవర్‌పాయింట్‌కు ఉంది. చాలా కూర్పుల్లో ఆ హద్దు అంగుళానికి 220 పిక్సెళ్లు. 33.87 సెంటీమీటర్ల స్లైడు మీద 220గా కుదిరిన ఫొటో, 84.1 సెంటీమీటర్లకు సాగాక సుమారు 89కి పడిపోతుంది. మీకు జరిగింది బహుశా ఇదే. స్లైడును అసలు కొలతలోనే పెట్టుకుంటే 220 కూడా సరిపోతుంది గాని, అనుమానానికి తావివ్వకుండా ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్, దాని కింద ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ అనే భాగానికి వెళ్లి, బొమ్మలను కుదించవద్దనే గడిలో టిక్కు పెట్టండి. ఇది ఫొటోలు చేర్చకముందే చేయాలి, ఎందుకంటే ఒకసారి కుదించి సేవ్ అయిన ఫొటో ఆ తరువాత టిక్కు పెట్టినంత మాత్రాన పూర్వస్థితికి రాదు.

గ్రాఫులకు ఈ పిక్సెళ్ల లెక్కే అవసరం లేకుండా చేసుకోవచ్చు. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో గీసినవాటిని ఎస్‌వీజీగా, అంటే బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతలుగా దాచే ఫైలుగా భద్రపరచి, ఇన్సర్ట్ ద్వారా చేర్చండి. ఇటీవలి పవర్‌పాయింట్ కూర్పులు ఎస్‌వీజీని నేరుగా తీసుకుంటాయి. అందులో గీతలు గీతలుగానే ఉంటాయి కనుక ఎంత పెంచినా పదును పోదు. గ్రాఫును మొదటే పోస్టర్ మీద ఉండబోయే కొలతలో గీయించండి. 36 సెంటీమీటర్ల వెడల్పు కావాలంటే ఆర్‌లోనే వెడల్పు 36 అని, అక్షరాలు 26 పాయింట్లని చెప్పండి. చిన్నగా గీసి తరువాత లాగితే ఒక గ్రాఫులో అక్షరాలు భారీగా, పక్క గ్రాఫులో చీమల్లా కనిపిస్తాయి. ఒక్క మినహాయింపు ఉంది: లక్షల చుక్కలున్న గ్రాఫును ఎస్‌వీజీగా ఇస్తే ఫైలు బరువెక్కి ముద్రణ యంత్రం దగ్గర మొరాయిస్తుంది. దాన్ని మాత్రం అంగుళానికి 300 పిక్సెళ్లుండే పీఎన్‌జీ బొమ్మగా ఇవ్వండి.

సమాధానం: పెద్ద కొలతల ముద్రణలో పనిచేసే వ్యక్తి

అధ్యాపకుల వారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. యంత్రం పక్కన నిలబడి చూసే నాకు తెలిసిన విషయాలు కొన్ని చేరుస్తాను.

పవర్‌పాయింట్ ఫైలును ఎప్పుడూ ముద్రణకు ఇవ్వకండి, పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు మా కంప్యూటర్‌లో లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన మరో ఫాంటును పెట్టేస్తుంది. వాక్యాలు పొడవు మారి పెట్టెల బయటకు జారతాయి, ప్రత్యేక చిహ్నాలు గడులైపోతాయి. మీకు గడులు కనిపించాయని బాధపడ్డారు గాని, అంతకంటే ప్రమాదకరమైన మార్పు ఇంకొకటి ఉంది. సింబల్ అనే పాత ఫాంటులో ఇంగ్లీషు ఎమ్ కొడితే గ్రీకు మ్యూ కనిపిస్తుంది. ఆ ఫాంటు ఊడిపోయిన చోట అది తిరిగి మామూలు ఎమ్ అయిపోతుంది. అప్పుడు 25 మైక్రోమీటర్ల పత్రరంధ్రం 25 మిల్లీమీటర్లుగా అచ్చవుతుంది. గడి కనిపిస్తే ఏదో తప్పు జరిగిందని అందరికీ అర్థమవుతుంది, ఇది మాత్రం తప్పులా కనిపించదు. అందుచేత ఫాంటు మార్చి కాకుండా, ఇన్సర్ట్‌లోని సింబల్ ద్వారా, మీరు వాడుతున్న ఫాంటులోనే ఉన్న యూనికోడ్ మ్యూను చేర్చండి.

పీడీఎఫ్‌గా భద్రపరచేటప్పుడు మినిమమ్ సైజ్ అనేదాన్ని కాకుండా స్టాండర్డ్ అనేదాన్ని ఎంచుకోండి. తరువాత ఆ పీడీఎఫ్‌ను అక్రోబాట్ రీడర్‌లో తెరిచి, కంట్రోల్, డీ మీటలు కలిపి నొక్కితే దాని వివరాలు వస్తాయి. పుట కొలత 84.1, 118.9 సెంటీమీటర్లుగా ఉందో లేదో, ఫాంట్స్ అన్న భాగంలో ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్, అంటే ఆ ఫాంటు ఫైలులోనే ఇమిడి ఉందన్న మాట ఉందో లేదో చూడండి. ఈ రెండూ సరిగా ఉన్న ఫైలు మా దగ్గరకు వస్తే సగం సమస్యలు పుట్టనే పుట్టవు. నీడలు, పారదర్శకమైన పెట్టెలు, ఒక రంగు నుంచి మరో రంగులోకి జారే నేపథ్యాలు పీడీఎఫ్‌లోకి మారేటప్పుడు మెట్లుమెట్లుగానో, చుట్టూ తెల్లటి చట్రంతోనో తేలుతుంటాయి. వాటిని వాడకపోవడమే క్షేమం.

రంగుల విషయం. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగును చూపుతుంది. కాగితం మీది సిరా, తన మీద పడిన వెలుగులో కొంత మింగి మిగిలినదాన్ని వెనక్కి పంపుతుంది. తెర ఇవ్వగలిగే మెరిసే ఆకుపచ్చలు, గాఢమైన నీలాలు కొన్ని సిరాకు అందవు. పవర్‌పాయింట్ ఆర్‌జీబీలోనే, అంటే ఆ మూడు వెలుగుల పద్ధతిలోనే పనిచేస్తుంది కనుక సిరాల రంగుల్లోకి మార్పిడి ముద్రణ దగ్గర జరుగుతుంది. మీ ఆకులు వెలిసినట్టు కనబడటానికి ఇదొక కారణం, తెర వెలుగు బాగా పెంచి పెట్టుకోవడం రెండో కారణం. పోస్టర్‌లోంచి ఆకు ఫొటో ఉన్న అరచేతి వెడల్పు ముక్కను, అదే కాగితం మీద, అసలు కొలతలో ముందుగా ముద్రించి చూపమని అడగండి. అది చూశాక ఫొటో వెలుగును కొద్దిగా పెంచాలో లేదో మీకే తెలుస్తుంది. పరీక్ష ముక్క లేకుండా రంగుకు ఎవరూ హామీ ఇవ్వలేరు.

అంచుల గురించి కూడా ఒక మాట. మేము వాడే కాగితం చుట్టలు సాధారణంగా 24, 36, 42, 44 అంగుళాల వెడల్పులో ఉంటాయి. 36 అంగుళాలంటే 91.4 సెంటీమీటర్లు కనుక మీ 84.1 దాని మీద పడి, పక్కల మిగిలినదాన్ని కత్తిరించడానికి వీలుంటుంది. నేపథ్యం తెలుపైతే ఏ చిక్కూ లేదు. అంచు దాకా రంగు కావాలంటే మాత్రం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచి స్లైడును 84.7, 119.5గా పెట్టుకోవాలి. లేకపోతే కత్తి వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెల్లటి గీత బయటపడుతుంది. అక్షరాలను, బొమ్మలను ఎలాగూ అంచుకు రెండు మూడు సెంటీమీటర్లు లోపలే ఉంచండి. ముదురు రంగు నేపథ్యాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. అంత సిరా తాగిన కాగితం అలలుగా ముడుచుకుంటుంది, చుట్టి విప్పేటప్పుడు ప్రతి గీతా తెల్లగా కనబడుతుంది. కాగితం నునుపు మెరుపు లేనిదైతే మంచిది, ఎందుకంటే సదస్సు హాళ్లలో దీపాలు తలపైన ఉంటాయి, మెరిసే కాగితం మీద సరిగ్గా గ్రాఫు ఉన్నచోటే వాటి ప్రతిబింబం పడుతుంది. దూరప్రయాణం ఉంటే పాలియెస్టర్ గుడ్డ మీద వేయించుకోవచ్చు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. కాని అతి సన్నని గీతలు గుడ్డ మీద కాగితం మీద ఉన్నంత పదునుగా రావు.

సమాధానం: సదస్సు పోస్టర్లను పరిశీలించే న్యాయనిర్ణేత

కొలతలు, ఫైళ్ల గురించి ఇద్దరూ బాగా చెప్పారు. చదివేవారి వైపు నుంచి నేను చెప్పవలసింది ఉంది. ఏటా పదుల సంఖ్యలో పోస్టర్ల ముందు నిలబడతాను. ముద్రణ లోపం వల్ల విఫలమయ్యే పోస్టర్లు కొన్నే. పరిశోధనా వ్యాసాన్ని యథాతథంగా తెచ్చి అతికించడం వల్ల విఫలమయ్యేవే ఎక్కువ. మొత్తం మీద 500 పదాలు దాటకుండా ఉంచండి. సారాంశాన్ని పోస్టర్ మీద మళ్లీ ముద్రించవద్దు, అది సదస్సు సంపుటిలో ఉండనే ఉంటుంది. పద్ధతులను నాలుగు వాక్యాలకు, వీలైతే ఒక రేఖాపటానికి కుదించండి. శీర్షికలో విషయాన్ని కాకుండా మీరు కనుగొన్నదాన్ని చెప్పండి. 'నీటి ఎద్దడిలో పత్రరంధ్రాల ప్రవర్తన' అన్నది అధ్యాయం పేరులా ఉంటుంది. ఎద్దడి మొదలైన ఎన్నో రోజున, ఎంతమేరకు అవి మూసుకున్నాయో మీ ఫలితం చెబుతున్నట్లయితే అదే శీర్షిక కావాలి.

అక్షరాల పరిమాణం గురించి అడిగారు. ఏ0 మీద శీర్షికకు 90 పాయింట్ల పైన, ఉపశీర్షికలకు 44 నుంచి 54, ప్రధాన పాఠానికి 28 నుంచి 32 వాడండి. బొమ్మల కింది వివరణలు, గ్రాఫు అక్షాల మీది అంకెలు 24కు తగ్గకూడదు. అంకెలను గుర్తుపెట్టుకోవడం కంటే నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది. పోస్టర్ మొత్తాన్ని ఒక ఏ4 కాగితం మీద ఇమిడేలా ముద్రించండి. ఏ0 నుంచి ఏ4కు వచ్చేసరికి ప్రతి కొలతా సరిగ్గా నాలుగో వంతు అవుతుంది, 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లుగా కనబడుతుంది. ఆ కాగితాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చదవడం, అసలు పోస్టర్‌ను 160 సెంటీమీటర్ల దూరం నుంచి చదవడంతో సమానం. చేత్తో పట్టుకున్న ఏ4 మీద ఏది చదవలేకపోతున్నారో దాన్ని సదస్సులో మీ ముందు నిలబడినవారు కూడా చదవలేరు.

మీ ఫొటోల కింద 400 రెట్లు పెద్దది చేసినది అని రాసి ఉంటే వెంటనే తీసివేయండి. ఫొటోను పోస్టర్ మీద ఏ కొలతకు పెంచారో దాన్నిబట్టి ఆ సంఖ్య అబద్ధమవుతుంది. బదులుగా సూక్ష్మదర్శిని సాఫ్ట్‌వేర్‌లోనే ఫొటోలోపల కొలతగీత, అంటే ఇంత పొడవు ఇన్ని మైక్రోమీటర్లని చూపే గీత వేయించండి. ఫొటో పెరిగినప్పుడు గీత కూడా దానితోపాటే పెరుగుతుంది కనుక ఎప్పుడూ నిజమే చెబుతుంది. ఫొటోను మూలను పట్టుకునే లాగాలి, పక్క అంచును పట్టుకుని లాగితే పత్రరంధ్రం ఆకారమే మారిపోతుంది. మీ అధ్యయనంలో ఆకారమే ప్రధానం.

గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ గీతలను పక్కపక్కన పెట్టి పోల్చవద్దు. వృక్షశాస్త్రంలో ఎండినదానికి ఎరుపు, తడిసినదానికి ఆకుపచ్చ వాడాలని అందరికీ అనిపిస్తుంది. కాని పురుషుల్లో గణనీయమైన సంఖ్యలో ఈ రెండింటి మధ్య తేడా గుర్తించలేనివారు ఉన్నారు. నీలం, నారింజ వాడండి. ఒక గీతను తెగినగీతగా ఇస్తే ఇంకా మంచిది.

ఒక అభిప్రాయభేదం కూడా చెప్పాలి. 2019లో మనస్తత్వశాస్త్ర పరిశోధకుడు మైక్ మోరిసన్ ప్రతిపాదించిన నమూనా, అంటే నడుమ పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క ఫలితం, పక్కన వివరాలు, కింద క్యూఆర్ కోడ్ ఉండేది, చాలామందికి నచ్చింది. నడుమ ఒక ముఖ్యవాక్యం ఉండాలన్నదాన్ని నేనూ ఒప్పుకుంటాను. అయితే మీవంటి విషయంలో ఫొటోయే సాక్ష్యం. స్థలమంతా వాక్యానికి ఇచ్చి, ఫొటోలను అరచేతి వెడల్పుకు కుదించి పక్కకు నెట్టడాన్ని ఒప్పుకోలేను. వాక్యాన్ని పైన ఉంచి, దాని కింద మీ అత్యుత్తమమైన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టండి. క్యూఆర్ కోడ్ పెడితే వెడల్పు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ తెల్లటి ఖాళీ వదలాలి, ముద్రణకు పంపేముందు ఏ4 కాగితం మీద కాకుండా తెరమీద అసలు కొలతలో చూపి రెండు ఫోన్లతో పరీక్షించాలి.

అనుబంధ ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సూచించినట్టు స్లైడును 84.1, 118.9గా పెట్టుకుని కొత్తగా మొదలుపెట్టాను. పాత ఫైలు తెరిచి చూస్తే గడులుగా మారిన మ్యూలన్నీ నిజంగానే వేరే ఫాంటులో ఉన్నాయి. ఏ4 మీద ముద్రించి చూసినప్పుడు పద్ధతుల భాగం ఒక్క ముక్కా చదవలేకపోయాను, దాన్ని తీసేసి రేఖాపటం గీశాను. రెండు ఫొటోలు 1280 పిక్సెళ్ల వెడల్పే ఉన్నాయి కనుక వాటిని మళ్లీ తీయడానికి రేపు ప్రయోగశాలకు వెళుతున్నాను.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ముఖ్యఫలితాన్ని తెలుగులో కూడా ఒక పెట్టెలో ఇవ్వాలని నా కోరిక. అందులో గుడులు పైవరుసను, వత్తులు కిందివరుసను తాకుతున్నాయి. రెండోది, పీడీఎఫ్‌లో పుట కొలత సరిగానే ఉన్నా, ముద్రించే దగ్గర అది మళ్లీ మారిపోయే అవకాశం ఉందా?

సమాధానం: పెద్ద కొలతల ముద్రణలో పనిచేసే వ్యక్తి

తెలుగు పెట్టెకు వరుసల మధ్య ఎడాన్ని 1.2 గాని 1.3 గాని చేయండి. ఇంగ్లీషు పాఠానికి సరిపోయిన ఎడం మన గుడులకు, వత్తులకు చాలదు. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంటునే వాడండి. పాత యూనికోడేతర ఫాంటుల్లో టైపు చేసినది, ఆ ఫాంటు ఊడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా అచ్చవుతుంది. పీడీఎఫ్ చేశాక ఆ పెట్టెను 100 శాతం దగ్గర ఒక్కో పదం చొప్పున చదవండి. క్ష, స్త్ర వంటి సంయుక్తాక్షరాలు విడిపోయాయేమో చూసుకోవడానికి కన్ను తప్ప వేరే సాధనం లేదు.

రెండో సందేహానికి, అవును, మారవచ్చు. ముద్రించే చోట ఫిట్ అన్నది ఎంచుకుని ఉంటే యంత్రం తన అంచులను లెక్కలోకి తీసుకుని మీ పుటను కొద్దిగా కుదిస్తుంది. యాక్చువల్ సైజ్, 100 శాతం, నిలువు, పూర్తయ్యాక 84.1, 118.9 సెంటీమీటర్లు అని ఫైలుతోపాటు రాతపూర్వకంగా ఇవ్వండి. పోస్టర్ తీసుకోవడానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లి, చుట్టకముందే వెడల్పును, ఎత్తును కొలవండి. ఏదైనా తేడా ఉంటే మళ్లీ వేయించడానికి సమయం ఉండేలా సదస్సుకు కనీసం నాలుగు రోజుల ముందు ముద్రణకు ఇవ్వండి.